బందరు రేవు చెప్పే పాఠం

'బందర్' అంటే ఫార్సీలో ఓడరేవు. మచిలీపట్నానికి ఆ పేరు ఊరికే రాలేదు. గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి ఇదే ముఖ్యమైన రేవు. ఇక్కడి అద్దకం బట్టలు ఇరాన్ దాకా వెళ్లేవి. డచ్చివారి తరువాత 1611లో ఆంగ్లేయులూ వచ్చారు. గోల్కొండ వజీరు మీర్ జుమ్లాకు సొంత ఓడలే ఉండేవి. ఎర్ర సముద్రానికి పోయే ఓడల్లో సరుకుతో పాటు హజ్ యాత్రికులూ ఉండేవారు. అప్పులు తీర్చి, ఇరుగుపొరుగును మాఫీ అడిగి మరీ బయలుదేరేవారు. తిరిగి వస్తామన్న నమ్మకం లేని ప్రయాణం అది.

ఈ తీరం చదునైనది, లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి. మనుషులూ మూటలూ చిన్న పడవల్లో చేరవలసిందే. అలల దెబ్బకు విరగకుండా కోరమాండల్ పడవల పలకలను మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. తుఫానుల కాలం వస్తే ఓడలు ఈ తీరం వదిలి వెళ్లిపోయేవి.

ఓడలు వెళ్లిపోగలవు. ఊరు ఎక్కడికి పోతుంది? 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది. సుమారు 30,000 మంది చనిపోయారని చెబుతారు. అంతకు ముందు నెలలోనే కలకత్తా కూడా తుఫానుకు గురైంది. ఈ విపత్తుల తరువాతే రేవులకు తుఫాను హెచ్చరికలు పంపే ఏర్పాట్లు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దీపస్తంభం ఓడవారికి తీరం చూపిస్తే, రేవులో ఎగరేసే ప్రమాద సూచిక తీరంవారికి సముద్రం సంగతి చెబుతుంది.

చెబితే చాలదు, వినాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు 10,000 మంది పోయారు. 1990 మేలో అంతే భీకరమైన తుఫాను ఇదే తీరాన్ని తాకింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యిలోపే ఆగింది. అదీ తక్కువ దుఃఖం కాదు. కానీ ఎన్ని ఇళ్లలో దీపం నిలిచిందో ఆలోచించండి.

మంగినపూడి తీరాన నేడూ దీపస్తంభం ఉంది. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లినప్పుడు ఈ కథ చెప్పండి. 'రాసిపెట్టి ఉంటే జరుగుతుంది' అని హెచ్చరిక విన్నాక కూడా ఇంట్లో కూర్చోవడం తవక్కుల్ కాదు. ఆ యాత్రికులు దుఆ చేశారు, తుఫానుల కాలాన్నీ తప్పించుకున్నారు. ముసలివారిని, పసివారిని ముందు పంపి, పొరుగింటి తలుపు కూడా తట్టి బయలుదేరడమే మన బాధ్యత.