రాయచూరు సీమ తెలుగువారు - కచ్చేరీ భాష

రాయచూరు జిల్లాలోని యాపలదిన్ని పేరులోనే ఆ సీమ భాషాస్థితి కొంత గోచరించును. వేపను ‘యాప’ యనుట తెలంగాణపు పలుకుబడి. కన్నడమున దానిని ‘బేవు’ అందురు. దిన్నె యను మాట ఉభయభాషలకును చెల్లును. ఇట్టి గ్రామముల తెలుగు కుటుంబములను వలస వచ్చినవారనుట పొరపాటు. వారిలో పెక్కురు ఎక్కడికిని కదలలేదు, ఎల్లయే కదలినది. నిజాం రాజ్యమున నుండిన రాయచూరు జిల్లా 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రమున చేరినది. అందలి గద్వాల, ఆలంపురం తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. ఒకే జిల్లాలోని చుట్టరికములు రెండు రాష్ట్రముల పాలయినవి.

నిజముగా వలస వచ్చినవారును లేకపోలేదు. తుంగభద్ర ఎడమకాలువ నీరు పారిన పిమ్మట ఆంధ్ర జిల్లాల రైతులు సింధనూరు, మాన్వి ప్రాంతములకు వచ్చి ‘క్యాంపు’లను పేర ఊళ్లు కట్టుకొనిరి. ఇక ఏటేట వచ్చువారు కోడళ్లు. గద్వాల వైపు బడిలో తెలుగు చదివిన పిల్ల రాయచూరు వైపు కాపురమునకు వచ్చినచో ఆమె చదువు దస్తావేజుల యెదుట అక్కరకు రాదు. గర్భిణికిచ్చు ‘తాయి కార్డు’ మొదలు రేషను చీటి వరకు అన్నియు కన్నడమే. ఆమెకు ‘ఊట’ యనగా చెలమలో ఊరు నీరు. మందుచీటి మీద అది భోజనము. ‘ప్రమాణపత్ర’ మనగా ఒట్టు పెట్టుట కాదు, ధ్రువీకరణ పత్రము. దూరపు భాషయైనచో తెలియదని అడుగుదురు. దగ్గరి భాషయగుటచే తెలిసినదనుకొని మోసపోవుదురు. ఆసుపత్రిలో ఈ పొరపాటు చిన్నది కాదు.

భూమి వ్యవహారమున మాత్రము ఒక చిత్రము గలదు. నిజాం కాలమున కచ్చేరీ భాష ఉర్దూ. తెలుగు రైతునకును కన్నడ రైతునకును అది సమానముగా పరాయిదే. అయినను పహాణీ, పట్టా, ఖాతా వంటి మాటలు ఇరువురి నోటను నిలిచినవి. కర్ణాటకమున ‘భూమి’ పథకము క్రింద పహాణీలు కంప్యూటరులోనికి ఎక్కిన తరువాతను ఆ పేరు పోలేదు. కావున తెలుగు రైతు పత్రము పేరు ఎరుగును, అందలి షరా చదువలేడు.

రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము ఏ పౌరుడైనను తన కష్టమును గూర్చి కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారికి అర్జీ ఇచ్చుకొనవచ్చును. ప్రత్యుత్తరము ఏ భాషలో రావలెనో అందు లేదు. ఇదే అసలు లోపము. 1956 నాటి కేంద్రప్రభుత్వ పత్రము మరికొంత ముందుకు పోయి, తాలూకా వంటి చిన్న ప్రాంతమున అల్పసంఖ్యాక భాషవారు నూటికి 15 నుండి 20 వరకున్నచో ముఖ్య ప్రకటనలను వారి భాషలోను వెలువరించుట మేలనినది. అది సలహాయే గాని చట్టము గాదు. పైగా తాలూకాను కొలత చేసినచో, ఊరంతయు తెలుగు మాటలాడు గ్రామమైనను లెక్కలో కనుమరుగు కావచ్చును. గ్రామపంచాయతీనే కొలతగా గొనుట న్యాయము.

సలహాయే కాదు, ఆజ్ఞయైనను నిలుచునన్న నమ్మకము లేదు. అమెరికాలో ఆంగ్లము చక్కగా రానివారికి ప్రభుత్వ సేవలు అందునట్లు చూడవలెనని 2000లో అధ్యక్షుడిచ్చిన ఆజ్ఞను 2025 మార్చిలో మరొక అధ్యక్షుడు రద్దుచేసెను.

కన్నడము రాష్ట్రభాష, దానిని నేర్చుకొనుట ఇచ్చటి తెలుగువారికి లాభమే. రెండు లిపులును ఒకే మూలమునుండి వచ్చినవగుటచే అది కష్టసాధ్యమును గాదు. తలకట్టు భేదమును, క, త, శ వంటి కొన్ని అక్షరముల రూపభేదమును చూపినచో తెలుగు చదువరి కన్నడ దరఖాస్తును కూడబలుకుకొనగలడు. అటుపై ‘ఊట’ వంటి మాటల పట్టిక యొకటి రెండు లిపులలో పంచాయతీ కచ్చేరీ గోడమీదను, ఆసుపత్రిలో మందులిచ్చు కిటికీ ప్రక్కను అంటించిన చాలును. ఒక పుటకు మించదు. సరిహద్దుకు ఆవలనున్న కన్నడ కుటుంబములకై గద్వాల వైపును అట్టిదే అంటింపవలసియుండును.