'వ్యక్తిగతం' పేరుతో లెక్కలు దాచొద్దు

రోస్టర్ రిజిస్టర్ అడిగితే 'వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం' అని జవాబు వస్తే ఏం చేయాలి?

2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె) ప్రకారం, ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా ఒకరి గోప్యతకు అనవసరంగా భంగం కలిగించే సమాచారాన్నే నిరాకరించేవారు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే అదీ ఇవ్వాల్సిందే. చట్టసభకు కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదన్న రక్షణ ఉండేది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సెక్షన్ 44(3) ఈ షరతులన్నీ తీసేసింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది.

గోప్యత మనకూ కావాలి. అట్రాసిటీ కేసు బాధితుల చిరునామా, విద్యార్థుల ఆధార్ నంబరు బయటపడితే దెబ్బ తగిలేది మనవాళ్లకే. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ హక్కు అధికారుల తప్పులకు ముసుగు కాకూడదన్నదే మా వాదన. బ్యాక్‌లాగ్ పోస్టు ఎవరికిచ్చారో, స్కాలర్‌షిప్ ఎవరి పేర డ్రా అయిందో, అసైన్డ్ భూమి ఎవరి చేతిలో ఉందో పేర్లు లేకుండా ఎలా తేలుతుంది?

దారులు ఇంకా ఉన్నాయి. జరిగే హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని సెక్షన్ 8(2) చెబుతోంది. ఆధార్, ఫోన్, బ్యాంకు నంబర్లు కొట్టేసి మిగతాది ఇమ్మని సెక్షన్ 10 కింద అడగొచ్చు. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సెక్షన్ 4 అంటోంది. ఈ సెక్షన్లను దరఖాస్తులోనే రాద్దాం. కాదంటే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేద్దాం.