పిల్లల ఎముకలో కేన్సరు

పిల్లలు కాళ్లు లాగుతున్నాయంటే పెద్దవాళ్లు అంతగా పట్టించుకోరు. "పెరిగే వయసు, అంతే" అంటారు. చాలావరకు అది నిజమే. పగలంతా ఆడిన పిల్లవాడికి రాత్రిపూట రెండు కాళ్లూ లాగుతాయి. తెల్లవారేసరికి తగ్గిపోతాయి. మళ్లీ పరుగులు పెడతాడు. దీనికి భయపడనక్కరలేదు.

కాని నొప్పి ఒకే చోట ఉండి, రోజురోజుకూ ఎక్కువవుతూ, రాత్రి నిద్రలేపుతుంటే? అక్కడ వాపు కనిపిస్తే? పిల్లవాడు కుంటుతుంటే? అప్పుడు ఆలస్యం చేయకండి. అరుదుగానైనా అది ఎముక కేన్సరు కావచ్చు.

ఎందుకు వస్తుంది?

పిల్లల ఎముకలకు వచ్చే కేన్సర్లలో ఒకటి యూయింగ్ సార్కోమా. ఎక్కువగా 10 నుంచి 20 ఏళ్ల మధ్య వస్తుంది. తుంటి, తొడ, కాలి ఎముకల్లోను, పక్కటెముకల్లోను కనిపిస్తుంది. కొందరికి జ్వరం కూడా ఉండడంతో ఎముకకు చీము పట్టిందని పొరబడే అవకాశం ఉంది.

మన శరీరంలో ఏ ప్రోటీను ఎలా తయారు కావాలో జన్యువులు చెబుతాయి. కణం ముందుగా జన్యువుకు నకలు తీసుకుంటుంది. ఆ నకలులో అక్కరలేని ముక్కలను కత్తిరించి, కావలసినవాటిని అతికిస్తుంది. వెనకటి రోజుల్లో సినిమా ఎడిటరు రీలు కత్తిరించి అతికించినట్లన్నమాట. అతికించే తీరు మారితే ఒకే జన్యువు నుంచి వేరే ప్రోటీను వస్తుంది. ఈ కత్తిరింపుల సంగతి 1977లో బయటపడింది. కనుగొన్న రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు 1993లో నోబెల్ బహుమతి లభించింది.

యూయింగ్ సార్కోమాలో చిక్కు అసలు జన్యువులోనే మొదలవుతుంది. నూటికి సుమారు 85 మంది రోగుల్లో 11వ, 22వ క్రోమోజోములు తెగి, ముక్కలు తారుమారుగా అతుక్కుంటాయి. రెండు సినిమాల రీళ్లు కలిసిపోయినట్లు రెండు జన్యువులు ఒకటవుతాయి. దానినుంచి పుట్టిన ప్రోటీను, ఇతర జన్యువుల నకళ్లలో జరిగే కత్తిరింపులను కూడా పాడుచేస్తుంది. కణాలు అదుపు తప్పి పెరుగుతాయి.

తల్లిదండ్రులారా, ఇందులో మీ తప్పేమీ లేదు. ఈ మార్పు పిల్లవాడి కణంలో జరిగిందే గాని మీ నుంచి సంక్రమించింది కాదు. ఇది అంటువ్యాధి కాదు. దెబ్బ తగిలినందువల్ల వచ్చేదీ కాదు. దెబ్బ తగిలిందని చూసుకున్నప్పుడు బయటపడుతుంది, అంతే.

మీరేం చేయాలి?

అలాంటి నొప్పి రెండు వారాలు దాటితే ఎక్సురే తీయించండి. వాపు కనిపిస్తే అన్నాళ్లు కూడా ఆగకండి. మర్దనలు, నాటుకట్లు వద్దు. అనుమానం ఉంటే డాక్టరు బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష, చేయాలంటారు. "సూది తగిలితే కేన్సరు పాకుతుంది" అని భయపడి మానకండి. అయితే ఆపరేషను చేయబోయే కేన్సరు ఆసుపత్రిలోనే ఆ పరీక్ష చేయించడం మంచిది. ఆ ముక్కలో జన్యువుల అతుకు కనిపిస్తే జబ్బు ఏదో నిర్ధారణగా తెలుస్తుంది.

చికిత్సలో ముందు మందులు, తరువాత ఆపరేషను లేదా రేడియేషను, ఆపైన మళ్లీ మందులు. చాలామందికి కాలు తీసివేయకుండానే ఆపరేషను చేస్తున్నారు. పాకకముందే గుర్తించి పూర్తి చికిత్స చేస్తే నూటికి సుమారు 70 మంది బతుకుతున్నారు. ఊపిరితిత్తులకో, ఇతర ఎముకలకో పాకాక ఆ సంఖ్య 30 దరిదాపులకు పడిపోతుంది.

మరొక్క మాట. మొదటి మందులతోనే నొప్పి, వాపు తగ్గవచ్చు. నయమైపోయిందనుకుని చికిత్స మధ్యలో మానిపించకండి.