నెట్టు అలిగిందా? గుట్టు మీ చేతిలోనే!

తొలకరి చినుకులు పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల చేలలో ఓ చిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడా మగా తల వంచుకుని, నేలమీదే చూపు నిలిపి, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంటారు. వాన కడిగిన మట్టిలో ఎక్కడైనా ఓ వజ్రం తళుక్కుమంటుందేమోనని ఆశ! చేనంతా ఒక్కసారే చూసేద్దామంటే కళ్ళు చెదరడమే తప్ప ఫలితం ఉండదు. ఓ పక్క నుంచి మొదలుపెట్టి, సాలు వెంట సాలు ఓపికగా చూసుకుంటూ పోవాలి.

'వజ్రాలకీ మన ఇంటికీ ఏమిటి సంబంధం?' అంటారా? ఉంది. ఇంట్లో ల్యాప్‌టాప్‌కి వై-ఫై రాకపోతే మనం చేసే పొరపాటు కూడా ఇదే. కంగారులో పది మీటలు నొక్కేస్తాం, పిల్లల్ని కసురుతాం, చివరికి "ఎవరైనా వచ్చి చూస్తే తప్ప కాదు" అని కూర్చుంటాం. వరసగా వెతికితే చాలాసార్లు లోపం మనకే దొరుకుతుంది. ఎలాగో చెబుతాను. ముందు ఓ చిన్న సంగతి వినండి.

ఆ సాయంత్రం ఏం జరిగిందంటే...

2024 జూలైలో వజ్రకరూరులోని ఓ ఇంట్లో జరిగిందిది. అమ్మాయి ఇంజనీరింగ్ సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటోంది. ఆ రాత్రితో గడువు సరి. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని కాగితం మీద రాసుకుని, తీరా ల్యాప్‌టాప్ తెరిచేసరికి...

"అమ్మా, నెట్టు పాయె!" అని ఒకటే ఏడుపు.

తల్లి కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసింది. "రేపు పొద్దున వస్తానక్కా" అన్నాడతను. "రేపటికి గడువే ఉండదు కదప్పా!" అంటే, "లైన్ మీదున్నా అక్కా, రాలేను" అన్నాడు. భర్త బెంగుళూరులో పనిలో ఉన్నాడు. అమ్మాయిని వెంటబెట్టుకుని ఉరవకొండకు బస్సెక్కుదామా అని చెప్పులు వేసుకుంటుంటే, పక్కగదిలోంచి పాట వినిపించింది. చిన్నోడు ఫోన్‌లో వీడియో చూస్తున్నాడు!

"ఒరే, నీ ఫోన్‌కి నెట్ ఎట్లా వస్తోంది?"

"మన వై-ఫైలోనే మా!"

అక్కడ ఆగింది ఆ ఇల్లాలు. ఫోన్‌కి వస్తోందంటే ఇంటిదాకా నెట్ వచ్చినట్టే. అంటే తగువు ల్యాప్‌టాప్‌తోనే! దగ్గరకెళ్ళి తెర మీద కుడివైపు కింది మూల చూసింది. అక్కడ చిన్న విమానం బొమ్మ ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున దుమ్ము తుడుస్తూ ల్యాప్‌టాప్ మీటల మీద కూడా గుడ్డతో ఓ రుద్దు రుద్దింది. విమానం బొమ్మ ఉన్న మీట ఒకటి నొక్కుకుపోయింది. మళ్ళీ అదే మీట నొక్కగానే నెట్ వచ్చేసింది. ఆ రాత్రే అమ్మాయి ఆప్షన్లు పూర్తి చేసింది.

చూశారా! ఆమె ఏ కంప్యూటర్ కోర్సూ చదవలేదు. చేసిందల్లా ఒక్కటే - లోపం ఎటువైపు ఉందో ముందు తేల్చుకుంది.

నీళ్ళ లెక్కే నెట్ లెక్క

అనంతపురం జిల్లా ఆడవాళ్ళకి నీళ్ళ సంగతి ఒకరు చెప్పాలా? కుళాయిలో నీళ్ళు రాకపోతే ఏం చూస్తాం? బోరులో ఉన్నాయా, ట్యాంకు నిండిందా, పైపు పగిలిందా, కుళాయి బిగుసుకుందా... ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాం. నెట్ కూడా అంతే. బయటి నుంచి వచ్చే వైరు పైపు లాంటిది. గోడకున్న వై-ఫై డబ్బా ట్యాంకు లాంటిది. డబ్బా నుంచి గాలిలో వచ్చే తరంగాలు ఇంట్లోకి వేసుకున్న చిన్న పైపు. ల్యాప్‌టాప్ కుళాయి. ఈ నాలుగింటిలో ఎక్కడ ఆగిందో కనుక్కోవడమే మన పని.

మొదటి పరీక్ష - ఫోన్‌తో

ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. ఇది మరచిపోకండి, లేకపోతే ఫోన్ తన సిమ్ నెట్ చూపించి మనల్ని మోసం చేస్తుంది! వై-ఫై మాత్రమే ఉంచి ఏదైనా కొత్త పేజీ తెరిచి చూడండి. వచ్చిందా, లోపం ల్యాప్‌టాప్‌ది. రాలేదా, లోపం డబ్బాదో బయటి లైనుదో. ఈ ఒక్క పరీక్షతో సగం పని అయిపోయినట్టే.

ఫోన్‌కీ రాకపోతే డబ్బా దీపాలు చూడండి

డబ్బా మీద దీపాలు అలంకారానికి కాదు, అవి మనతో మాట్లాడతాయి.

* ఏ దీపమూ వెలగకపోతే కరెంటు అందడం లేదు. ప్లగ్గు, స్విచ్చి, డబ్బా వెనక పిన్ను చూడండి.

* పి.ఓ.ఎన్. అన్నచోట పచ్చదీపం నిలకడగా వెలుగుతుంటే బయటి లైను బాగున్నట్టు.

* ఎల్.ఓ.ఎస్. అన్నచోట ఎర్రదీపం వెలిగినా, మిణుకుమిణుకుమన్నా బయటి నుంచి సిగ్నల్ రావడం లేదు. ఇది మన చేతిలో లేదు. ఆపరేటర్‌కి ఫోన్ చేసి "ఎల్.ఓ.ఎస్. ఎర్రగా ఉంది" అని చెప్పండి. "నెట్ రావట్లేదు" అనడం కన్నా ఈ మాటకి త్వరగా కదులుతారు.

* దీపాలన్నీ బాగానే ఉండి, 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్' అని వస్తుంటే ముందు రీఛార్జి గడువు చూసుకోండి. గ్యాసు బుకింగ్ మరచిపోయినట్టే ఇదీ మరచిపోతుంటాం!

గడువు ఉన్నా రాకపోతే డబ్బా స్విచ్చి ఆపి, అర నిమిషం ఆగి, మళ్ళీ వేయండి. దీపాలు కుదురుకోవడానికి మూడు, నాలుగు నిమిషాలు పడుతుంది. ఈలోగా మళ్ళీ మళ్ళీ ఆపి వేయకండి.

ఒక్క హెచ్చరిక. డబ్బా వెనక చిన్న రంధ్రంలో 'రీసెట్' మీట ఉంటుంది. పిన్నీసుతో దాన్ని నొక్కకండి! అది డబ్బాని తిరిగి వెలిగించే మీట కాదు. ఆపరేటర్ పెట్టిన అమరికలన్నీ చెరిపేస్తుంది. అప్పుడు ఆయన రాక తప్పదు.

ఆ సన్నటి వైరు జాగ్రత్త

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగి ఊళ్ళకి నెట్ తెచ్చారు. గాలిమరలు తిరిగే మెట్ట ప్రాంతమిది. స్తంభాల మీది వైరు గాలికి ఊగుతుంది, కొమ్మలు రాసుకుంటాయి, ఉడుతలు కొరుకుతాయి. అది మనం ఆపలేం. కానీ ఇంట్లోకి వచ్చిన వైరు మన బాధ్యత.

ఆ వైరు లోపల ఉన్నది రాగి తీగ కాదు, వెంట్రుకంత సన్నని గాజు పోగు. అందులో ప్రయాణించేది వెలుగు. మడత పెడితే లోపల పోగు విరుగుతుంది. దాని మీద తువ్వాలు ఆరేయడం, మేకుకి చుట్టడం, బీరువా కాలు కింద నొక్కిపెట్టడం వద్దు. ఊడ్చేటప్పుడు చీపురుతో లాగకండి. ఊడిపోతే ఆ కొసని కంటి దగ్గర పెట్టుకుని చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి. అందులో వచ్చే లేజర్ వెలుగు కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు.

ఫోన్‌కి వచ్చి ల్యాప్‌టాప్‌కే రాకపోతే

ఇప్పుడు కుళాయి వంతు. ఈ వరసలో చూడండి:

1. తెర మీద కుడివైపు కింది మూల బొమ్మ చూడండి. విసనకర్రలా ఉంటే వై-ఫై అందుతోంది. విమానం ఉంటే ఏరోప్లేన్ మోడ్ పడింది. భూగోళం ఉంటే ఏ కనెక్షనూ లేదు. ఆ బొమ్మ మీద నొక్కితే వై-ఫై, ఏరోప్లేన్ మోడ్ మీటలు కనిపిస్తాయి. మొదటిది వేసి, రెండోది ఆపండి. పాత ల్యాప్‌టాప్‌లు కొన్నింటికి పక్కన చిన్న స్విచ్చి కూడా ఉంటుంది.

2. రీస్టార్ట్ చేయండి. మూత మూసి తెరవడం రీస్టార్ట్ కాదు! విండోస్‌లో 'షట్‌డౌన్' చేసినా కొన్ని సంగతులు పాతవే మిగిలిపోతాయి. 'రీస్టార్ట్' అన్నదే నొక్కండి.

3. వై-ఫై పేరు మరపించి మళ్ళీ కలపండి. వై-ఫై జాబితాలో మీ ఇంటి పేరు మీద మౌస్ కుడిమీట నొక్కి 'ఫర్‌గెట్' ఎంచుకోండి. తర్వాత మళ్ళీ ఆ పేరు నొక్కి పాస్‌వర్డ్ కొట్టండి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు తేడా చూసుకోండి. పాస్‌వర్డ్ ఎవరూ మార్చి ఉండకపోతే చాలా డబ్బాలకి అడుగున అంటించిన కాగితం మీద ఉంటుంది.

4. తేదీ, టైము చూడండి. పాత ల్యాప్‌టాప్‌లో తేదీ తప్పుగా ఉంటే నెట్ ఉన్నా బ్యాంకు, పరీక్షల సైట్లు తెరుచుకోవు. 'కనెక్షన్ భద్రంగా లేదు' అంటాయి. తేదీ సరిచేస్తే చాలు.

5. ఇంకా రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేజీకి వెళ్ళి అడుగున ఉండే 'నెట్‌వర్క్ రీసెట్' చేయవచ్చు. ఇది డబ్బా రీసెట్ కాదు, ల్యాప్‌టాప్ వరకే. అయితే దాచిపెట్టుకున్న వై-ఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, ముందే రాసిపెట్టుకోండి.

ఇవన్నీ చేసినా వై-ఫై మీటే కనిపించకపోతే అప్పుడు రిపేరుకి ఇవ్వాల్సిందే.

ఓ గదిలో వచ్చి, ఇంకో గదిలో రాదేం?

మన పాత మిద్దె ఇళ్ళ గోడలు రాతివి, మూరెడు మందం. ఎండని ఆపినట్టే తరంగాల్నీ ఆపుతాయి. దానికి తోడు డబ్బాని తీసుకెళ్ళి గోడ గూట్లో పెడతాం, లేదా ఇనుప బీరువా వెనక దాస్తాం. పైన ముచ్చటగా లేసు గుడ్డ కూడా కప్పుతాం! గుడ్డ కప్పితే డబ్బా వేడెక్కుతుంది. ఇనుము తరంగాల్ని అడ్డుకుంటుంది. నీళ్ళ డ్రమ్ము పీల్చేస్తుంది. ఇంటికి నడుమ, తలకన్నా ఎత్తులో, ఎదురుగా అడ్డం లేకుండా పెట్టించుకోండి. మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే దానికి దూరంగా. ఓవెనూ, వై-ఫైలో ఒక రకమూ ఇంచుమించు ఒకే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అందుకే ఓవెన్ తిరిగే సమయంలో నెట్ తడబడవచ్చు.

వై-ఫై పేర్లు రెండు కనిపిస్తున్నాయా? చివర 5జి అని ఉన్నది ఫోన్ల 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్ అని అర్థం. అది వేగం, కానీ గోడలు అంతగా దాటలేదు. డబ్బా ఉన్న గదిలో అది, దూరపు గదిలో రెండోది కలుపుకోండి.

గడువు ముంచుకొస్తుంటే

కారణం వెతికే తీరికే లేదనుకోండి. ఫోన్‌లో హాట్‌స్పాట్ వేసి ల్యాప్‌టాప్‌కి కలపండి. ల్యాప్‌టాప్ వై-ఫై పూర్తిగా పాడైనా పరవాలేదు. ఛార్జర్ వైరుతో ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో 'యు.ఎస్.బి. టెథరింగ్' వేస్తే వైరు గుండానే నెట్ వస్తుంది. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైర్లు కొన్ని ఉంటాయి, వాటితో రాదు.

కరెంటు కోతలున్న ఊళ్ళో డబ్బాకి చిన్న యు.పి.ఎస్. పెట్టుకుంటే మంచిది. కొనేముందు డబ్బా అడాప్టర్ మీద రాసున్న వోల్టులు సరిపోతాయో లేదో చూసుకోండి. ఉరుములు మెరుపులప్పుడు మాత్రం ప్లగ్గు పీకేయడమే క్షేమం.

ఆదుకుంటామనే ఫోన్లు వస్తే...

ఇది అన్నిటికన్నా ముఖ్యం. "మీ నెట్ బాగుచేస్తాం మేడం, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అని మీరు పిలవకుండానే ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. తెర చూపించే యాప్ వేసుకుంటే మన బ్యాంకు వివరాలూ వాళ్ళకి కనిపించిపోతాయి. వై-ఫై బాగుచేయడానికి ఓటీపీ గానీ, ఏటీఎం పిన్ గానీ అక్కరలేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు.

చివరగా ఓ చిట్కా

పాల లెక్క రాసే పుస్తకంలోనే ఓ పేజీ నెట్‌కి కేటాయించండి. వై-ఫై పేరు, కస్టమర్ నంబరు, ఆపరేటర్ ఫోన్, రీఛార్జి తేదీ రాసుకోండి. పాస్‌వర్డ్ మాత్రం వేరేచోట, పదిమంది కంట పడకుండా. ఒక్కోసారి నెట్ పోయి, ఎలా వచ్చిందో ఆ పేజీలోనే ఒక్క ముక్క రాసిపెట్టండి. మూడోసారికి మీకు మీరే రిపేరు మనిషి!

ఆ రాత్రి ఆ ఇంటికి దొరికినది వజ్రమేమీ కాదు, వేలెడంత లేని విమానం బొమ్మ. కానీ ఓ ఆడపిల్ల చదువుకి దాని విలువ తక్కువా? ఈసారి మీ ఇంట్లో "అమ్మా, నెట్టు పాయె!" అని వినపడితే, "ఉండమ్మా, నేను చూస్తా" అనండి. పిల్లలు ఎలా చూస్తారో మీరే చూడండి!