వార్తల్లో పదం: రిజర్వ్ ధర

ఆన్‌లైన్ వేలంలో 'ఇంతకు తగ్గితే అమ్మను' అని అమ్మకందారు ముందే నిర్ణయించుకునే అంకె రిజర్వ్ ధర. భూముల వేలం వార్తల్లో కనిపించే 'అప్‌సెట్ ధర' దీనికి దగ్గరి చుట్టమే. 2023లో కోకాపేటలో ఎకరానికి 35 కోట్లుగా పెట్టిన ఆ ధరను ముందే ప్రకటించారు. పాట ఒకచోట 100 కోట్లు దాటింది. ఆన్‌లైన్ వేలం సైటు ఈబేలో మాత్రం రిజర్వ్ ధరను దాచి ఉంచుతారు. పాట అంతవరకూ రాలేదన్న సంగతి ఒక్కటే కొనేవారికి తెలుస్తుంది. రాకపోతే సరుకు ఇవ్వాల్సిన పని లేదు.

కొత్తగా అమ్మేవారికి ఇది కొండంత ధైర్యంలా తోస్తుంది. అయితే అమెరికాలో ఆర్థికవేత్తలు పోకెమాన్ కార్డులను 50 జతలుగా ఈబేలో పెట్టి చూశారు. జతలో ఒకదాని కనీస ధర బాహాటం, రెండోదానిది రహస్యం. రహస్యంగా పెట్టినవి తక్కువగా అమ్ముడయ్యాయి, పలికిన ధరా తగ్గింది. గమ్యం తెలియని పాటకు జనం వెనకాడతారు మరి. పైగా రిజర్వ్ పెట్టినందుకు వసూలుచేసే రుసుము సరుకు అమ్ముడుపోకున్నా తిరిగిరాదు. మరి అరుదైన వస్తువు కారుచౌకగా పోతే? ఆ భయం న్యాయమైనదే. గిట్టుబాటయ్యే ధరనే తొలి పాటగా పెడితే అదీ తీరుతుంది. కానీ ప్రయోగంలో పెట్టిన ఆ కార్డులు చవకవి. ఖరీదైన పాతకాలపు వస్తువులకూ ఇదే ఫలితం వస్తుందని ఆ ఒక్క ప్రయోగంతో చెప్పలేం.