తెర చాటు లేని పరీక్ష

ఆర్కెస్ట్రా అనగానే మనకు పెళ్లిపందిట్లో సినిమా పాటలు పాడే బృందం గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది పాశ్చాత్య దేశాల సింఫనీ ఆర్కెస్ట్రా గురించి. అందులో ఎనభై, తొంభై మంది వాద్యకారులు ఒకేసారి వాయిస్తారు. వాళ్లకు ఎదురుగా, శ్రోతలకు వీపు పెట్టి, చేతిలో చిన్న పుల్లతో నిలబడే మనిషే కండక్టర్. ఒక్క స్వరం కూడా వాయించని ఆ మనిషి ఎందుకు?

సైన్సు విద్యార్థులు లెక్క వేసుకోవచ్చు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే వేదిక మీద 17 మీటర్ల దూరంలో ఉన్నవారికి శబ్దం చేరేసరికి సెకనులో ఇరవయ్యో వంతు గడిచిపోతుంది. ఒకరిది విని ఇంకొకరు అందుకుంటే తాళం చెదురుతుంది. కంటికి ఆ ఆలస్యం లేదు గనుక అందరూ ఒకే చేతిని చూస్తారు. సాధారణంగా కుడిచెయ్యి తాళం చూపుతుంది. ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎక్కడ తగ్గాలో ఎడమచెయ్యి చెబుతుంది.

ఈ పనికి కండబలంతో నిమిత్తం లేదు. అయినా చాలాకాలం ఇది మగవాళ్ల సొత్తుగానే ఉంది. అసలు వాద్యకారులుగానే ఆడవాళ్లకు చోటు కష్టం. వియన్నా ఫిల్హార్మోనిక్ స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడం మొదలుపెట్టింది 1997లో! అమెరికాలో 1970ల నుంచి చాలా ఆర్కెస్ట్రాలు అభ్యర్థిని తెర వెనక కూర్చోబెట్టి వాయించమన్నాయి. వాయించేది ఆడో మగో తెలియకపోతే పక్షపాతానికి తావు తగ్గుతుంది కదా! కానీ కండక్టర్‌ను తెర వెనక పెట్టడం ఎలా? కనబడటమే ఆ ఉద్యోగం.

ఇంకో చిక్కు ఉంది. వయొలిన్ అయితే ఇంట్లో సాధన చెయ్యొచ్చు. కండక్టర్‌కు ఆర్కెస్ట్రాయే వాద్యం. మా ఇంట్లో దున్నడం ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. అరక చేతికిస్తే, నాలుగు సాళ్లు వంకర పోయాక వచ్చింది. నాట్లు వేసి, కలుపు తీసే మా అమ్మ చేతికి ఆ అరక ఎవరూ ఇవ్వలేదు. అందుకే "ఆడవాళ్లకు దున్నడం రాదు" అనే మాట నిజమై కూర్చుంది.

ఆంటోనియా బ్రికో 1930లోనే బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌ను నడిపారు. అయినా తగినన్ని అవకాశాలు రాలేదు. 1934లో న్యూయార్కులో ఆడవాళ్లతోనే ఒక ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. ఆమె జీవితం మీద 1974లో డాక్యుమెంటరీ సినిమా వచ్చాక పెద్ద వేదికలు మళ్లీ పిలిచాయి. అప్పటికి ఆమెకు డెబ్భై దాటాయి.

మారిన్ ఆల్సాప్ కూడా 1984లో సొంత ఆర్కెస్ట్రా పెట్టుకుని అనుభవం సంపాదించారు. 2005లో బాల్టిమోర్ సింఫనీ ఆమెను సంగీత దర్శకురాలిగా ఎంపిక చేసినప్పుడు వాద్యకారులే అభ్యంతరం చెప్పారు. ఆమె 2007లో బాధ్యత తీసుకుని 2021 వరకు నడిపారు. 1876లో మొదలైన జర్మనీలోని బైరాయిట్ ఉత్సవంలో మొదటిసారి ఒక స్త్రీ, ఉక్రెయిన్‌కు చెందిన ఒక్సానా లినీవ్, కండక్టర్‌గా నిలబడింది కూడా 2021లోనే. నూట నలభై అయిదేళ్లు!

మన వార్షికోత్సవంలో ప్రార్థనాగీతానికి అమ్మాయిలు కావాలి. కార్యక్రమం నడిపేది మాత్రం ఏటా అబ్బాయిలే. అదేమంటే "వాళ్లకు అలవాటు లేదు" అంటారు. ఇవ్వకపోతే అలవాటెలా అవుతుంది? బ్రికో, ఆల్సాప్‌లు సొంతంగా ఆర్కెస్ట్రాలు పెట్టుకోగలిగారు. అందరికీ అది సాధ్యం కాదు. వచ్చే ఏడాది ఆ బాధ్యత ఒక అమ్మాయికి అప్పగించి చూడండి. మొదటి సాలు వంకర పోతే పోనివ్వండి. మనదీ పోయింది కదా!