అచ్చుకూర్పు తంత్రమున మహాసంఖ్యాగణనము

ఛందశ్శాస్త్రమున షట్ప్రత్యయములను బాఠము చెప్పు పండితులకు సంఖ్యాప్రత్యయము క్రొత్త గాదు. పాదమున కెన్ని యక్షరము లుండునో యన్ని మాఱులు రెంటిని హెచ్చింపఁగా సమవృత్తముల సంఖ్య వచ్చును. ఆ సంఖ్యయొక్క వర్గమునుండి యా సంఖ్యను దీసివేసిన నర్ధసమవృత్తములును, ఆ వర్గముయొక్క వర్గమునుండి మొదటి వర్గమును దీసివేసిన విషమవృత్తములును దేలును. అనుష్టుప్పునకు సమవృత్తములు 256; అర్ధసమములు 65,280; విషమములు 4,29,49,01,760.

ఈ సంఖ్యలను ఉక్త మొదలు ఉత్కృతివఱకుఁ గల యిరువదియాఱు ఛందస్సులకును బట్టికగా నచ్చువేయింపఁ దలఁచితిని. చేతితో లెక్కించి, శుద్ధప్రతి వ్రాసి, మఱల నచ్చుకూర్చునప్పటికి నంకె జాఱుటకు మూఁడు తావులు కలవు. ఆ ప్రమాద ముండకుండుటకై టెక్ అను అచ్చుకూర్పు తంత్రముచేతనే లెక్కలనుగూడఁ జేయింపఁ జూచితిని. ఉష్ణిక్కువఱకుఁ బట్టిక నిర్దోషముగా వచ్చినది. అనుష్టుప్పు దగ్గఱ విషమవృత్తముల గడిలో ఋణచిహ్నముతో 65,536 అని పడినది! అష్టి మొదలు ఉత్కృతివఱకు నా గడు లన్నిటను సున్నయే. అనఁగా నట్టి వృత్తములే లేవని యర్థము. తప్పు జరిగినదన్న హెచ్చరిక యొక్కటియు లేదు. ఇట్లేల జరిగెనో, దీనికిఁ బ్రతిక్రియ యేమో విచారించుటయే యీ వ్యాసమునకు విషయము.

టెక్ అనునది అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుఁడు డానల్డ్ క్నూత్ నిర్మించినది. పేరు గ్రీకుభాషలోఁ గళకును బనితనమునకును జెల్లు ‘టెఖ్నే’ శబ్దమునుండి వచ్చినది. 1977లో ఆయన గ్రంథమైన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండవ సంపుటము ద్వితీయముద్రణమునకై ప్రూఫులు వచ్చెను. అచ్చు మునుపటి యందము దప్పి యుండుటఁ జూచి యాయన యోర్వలేక, అచ్చుకూర్చుటకుఁ దానే యొక తంత్రమును గల్పింపఁ బూనెను. 1978లో మొదటిరూపము వెలువడినది. 1982లో నంతయుఁ దిరుగవ్రాయఁబడినది. ఇందొక చిత్రము గలదు. ఏ సంపుటపుఁ బ్రూఫులు చూచి యీ తంత్రము పుట్టినదో యా సంపుటముననే యెంత పెద్దసంఖ్యలనైనఁ గూడుట, హెచ్చించుట, భాగించుట యెట్లో నేర్పు ప్రకరణము గలదు. కాని యా సంపుటము నచ్చువేయుటకుఁ బుట్టిన తంత్రమునకు మాత్రము పదియంకెలకు మించిన సంఖ్య తెలియదు!

టెక్ తన పూర్ణసంఖ్యలను ముప్పదిరెండు బిట్ల గడులలో దాఁచును. ఒక బిట్టు ధనర్ణచిహ్నమునకుఁ బోఁగా మిగిలిన ముప్పదియొక్కటిలోఁ బట్టు పరమావధి 2,14,74,83,647. ఇది రెంటి ముప్పదియొకటవ ఘాతముకంటె నొకటి తక్కువ. ఈ హద్దు పిసినితనముచే నేర్పడినది గాదు. లోకమున నే యంత్రముమీఁద నడిపినను బంక్తి యొకేచోట విఱుగవలె నని క్నూత్ సంకల్పము. దశాంశములను యంత్ర మొక్కొక్కటి యొక్కొక్క తెఱఁగున సవరించుకొనును గావునఁ బంక్తివిభాగమును నిర్ణయించు లెక్క లన్నియుఁ బూర్ణసంఖ్యలతోనే జరుగునట్లు చేసెను. పాయింటు అను ముద్రణపుఁగొలతను 65,536 భాగములు చేసి, యా సూక్ష్మభాగములనే లెక్కించును. కంటికిఁ గనవచ్చు వెలుఁగు తరంగపుఁ బొడవు సుమా రట్టి నూఱు భాగములని చెప్పిన నా సూక్ష్మత దెలియఁగలదు. కాగితముపైఁ బని కిది చాలును. పింగళునకుఁ జాలదు.

హద్దు దాఁటినపుడు తంత్రము ప్రవర్తించు తీరు విచారింపఁదగినది. ‘మల్టిప్లై’ అను నాజ్ఞచే హెచ్చించినపుడు ఫలము హద్దు మీఱిన, లెక్క పొంగిపోయిన దని తప్పు చూపి నిలుచును. ‘అడ్వాన్స్’ అను నాజ్ఞచేఁ గూడినపుడో, యేమియు ననక చక్రమువలెఁ దిరిగి ఋణసంఖ్యలలోఁ బడును. నేను రెట్టింపు చేయుటకు సంఖ్యను దనకే కూడుచుంటిని. రెంటి ముప్పదియొకటవ ఘాతము ఋణమైనది. దానిని మఱల రెట్టింపఁగా సున్న యైనది. సున్నలోనుండి 65,536 తీసివేయఁగా నా గడిలోని వింత పుట్టినది. అష్టికి వచ్చునప్పటికి రెండు రాశులును సున్నలే. హెచ్చించియుండినచోఁ దప్పు వెంటనే తెలిసెడిది.

ఇఁక ప్రతిక్రియ. టెక్‌నందు సంఖ్యలగడులకంటెఁ బ్రధానమైనది మాక్రో. మాక్రో యనఁగా వ్యాకరణపరిభాషలో నాదేశవిధియే. ఒక పేరు స్థాని. దాని తావున వచ్చు పాఠ మాదేశము. ఆదేశములో మఱల స్థాను లున్న వానికిని నాదేశములు వచ్చును. ఆదేశము శూన్యమైన లోప మగును. పాణినీయముతో నొక భేదము గలదు: ఇందు స్థానివద్భావము లేదు. ఆదేశము వచ్చినపిమ్మట స్థానియొక్క జాడయే యుండదు. క్నూత్ తన తంత్రమునకు నోరు, గొంతు, కడుపు అను నవయవములను గల్పించి చెప్పినాఁడు. ఆదేశములు గొంతులో జరుగును. గడులలో సంఖ్యను మార్చుట వంటి కార్యములు కడుపులో జరుగును.

సంఖ్యను బరిమాణముగాఁ జూచినంతవఱకు హద్దు తప్పదు. దానిని వర్ణసముదాయముగా, అనఁగా నంకెల వరుసగాఁ జూచినచో హద్దేమియు లేదు. ఇరువదియైదంకెల సంఖ్యయు నొక శబ్దమే. శబ్దమునుండి నాలుగేసి యంకెలు విడఁదీసి, యా చిన్నతునుకలను మాత్రము గడులలో లెక్కించి, ఫలములను మఱల శబ్దముగాఁ గూర్చిన సరిపోవును. బడిపిల్లవాఁడు పలకమీఁదఁ జేయునదియు నిదియే. వాఁడొక్కొక్క యంకెను బట్టును, ఇం దొక్కమాఱు నాలుగు పట్టుదుము.

తునుక కేల నాలుగే యన్న ప్రశ్న వచ్చును. 9999ని దానితోనే హెచ్చింప 9,99,80,001 వచ్చును, హద్దులోపలనే యున్నది. ఐదంకెల 99999ని హెచ్చింప 9,99,98,00,001, హద్దు మీఱినది. కావున గుణకారమునకు నాలుగే. అందును, ఒక నిలువువరుసలో నిట్టి గుణఫలము లిరువదియొకటికి మించి చేరరాదు. ఇరువదిరెండవది చేరిన మఱల హద్దు దాఁటవచ్చును. కేవలసంకలనమున కెనిమిదేసి యంకెలు పట్టవచ్చును. మాక్రో యొకమాఱు తొమ్మిది భాగములకంటె నెక్కువ గ్రహింపలేదు. ఎనిమిదంకెలును, వెనుక మిగిలిన శేషమును గలసి సరిగాఁ దొమ్మిది యగుట యిచ్చట ననుకూలించినది.

తరువాతిచిక్కు దిక్కును గూర్చినది. తంత్ర మెడమనుండి కుడికిఁ జదువును. సంకలనములోఁ జేత నుంచుకొన్న యంకె కుడినుండి యెడమకుఁ బోవలెను. ఇచ్చట మన శాసనకవులును జ్యోతిషికులును బాటించిన భూతసంఖ్యాక్రమము జ్ఞప్తికి రాకమానదు. శశి-నేత్ర-వహ్ని యన్నచో నూటయిరువదిమూఁడు గాదు, మున్నూటయిరువదియొకటి. అంకెల నడక యెడమవైపునకే యని పెద్దలమాట. ఏకస్థానము ముందు పలుకుటచేఁ జదువునడకయు, జేతియంకెనడకయు నొకటే యగును. టెక్‌లో మహాసంఖ్యల నాడించువారు చేయు మొదటిపని సంఖ్యను వెనుకముందు చేయుటయే. అనఁగా భూతసంఖ్యాక్రమమునఁ బెట్టుటయే. పని ముగిసినపిదప మఱలఁ ద్రిప్పుదురు.

ఉదాహరణమునకు రెంటి యిరువదియవ ఘాతమైన 1048576ను వర్గింతము. ఇది 104, 8576 అని రెండు తునుకలు. 8576 వర్గము 73547776. ఇందుఁ గడపటి నాలుగంకెలు 7776 నిలిచి, 7354 చేత మిగులును. 104ను 8576తో హెచ్చించి రెట్టింప 1783808. చేతిది కలుప 1791162. ఇందు 1162 నిలిచి, 179 చేత మిగులును. 104 వర్గము 10816. చేతిది కలుప 10995. ఇందు 995 నిలిచి 1 చేత మిగులును. తునుకలను గ్రమముగాఁ గూర్ప 1, 995, 1162, 7776. కలిపి వ్రాసిన 199511627776.

ఇది తప్పు. నేనును మొదట నీ తప్పే చేసితిని. గడి పరిమాణమును దాఁచును గాని వర్ణములను దాఁచదు. 0995 అను తునుక గడిలోఁ బడి బయటికి వచ్చునప్పటికి 995 యగును. ఆదిలోని సున్న పోయి, సంఖ్య యొక స్థానము తఱిగినది. సరియైనది 1099511627776.

దీనికిఁ జేయు నుపాయము వైయాకరణులకు మిక్కిలి ప్రియముగా నుండును. తునుకకు 10000 కలిపి గడినుండి బయటికిఁ దెత్తురు. 995 యున్నచో 10995 వచ్చును. పిమ్మట మొదటి 1ని లోపింపఁజేసిన 0995 సున్నతోసహా నిలుచును. సంకలనమున నీ మొదటి యంకెయే చేతిలో మిగులు నున్నదో లేదో తెలుపును: 1 యున్న మిగులు లేదు, 2 యున్న నొకటి మిగిలినది. ఈ యంకె యనుబంధము గాక మఱేమి? ‘అణ్’ ప్రత్యయమందలి ణకారము శివశబ్దమున నాదివృద్ధిని గలిగించి శైవశబ్దము సిద్ధించుసరికిఁ దాను గనఁబడదు. అట్లే యీ యొకటియుఁ బని చేసి యిత్తగును.

ఎనుబదవ ఘాతమున కెనుబది మాఱులు రెట్టింప నక్కఱలేదు. పింగళుఁడు చెప్పిన మార్గము గలదు: సంఖ్య సరియైన సగము చేసి రెండను గుర్తు, బేసియైన నొకటి తీసి సున్న గుర్తు పెట్టవలెను, తిరిగివచ్చునపుడు సున్నకు ద్విగుణము, రెంటికి వర్గము చేయవలెను. ఎనుబదికి 40, 20, 10, 5, 4, 2, 1, సున్న అని దిగుదుము. తిరిగి 2, 4, 16, 32, 1024, 1048576 అని యెక్కి, పైని చూపిన 1099511627776ను జేరి, దానిని వర్గించిన 1208925819614629174706176 వచ్చును. ఆఱు వర్గములు, రెండు ద్విగుణములు, ఎనిమిది మెట్లే. క్నూత్ తన రెండవ సంపుటముననే యీ మార్గమును వివరించుచు, నిది క్రీస్తుకుఁ బూర్వము 200 సంవత్సరములకంటె ముందే పింగళుని ఛందశ్శాస్త్రమున నున్నదని పేర్కొనినాఁడు. మన వృత్తముల లెక్కకై యాయన తంత్రమును నేఁడు వాడుట పరాయిసొమ్ము దెచ్చుకొనుట గాదు.

1990 దశకమున వచ్చిన ‘ఈ-టెక్’ అను విస్తరణమున ‘నమ్‌ఎక్స్‌ప్ర్’ అను సాధనము చేరినది. దీనిచేఁ జిన్నలెక్కలు కడుపువఱకుఁ బోక గొంతులోనే, అనఁగా నాదేశదశలోనే తీఱును. ఇందొక మెలఁకువ గావలెను. ప్రాఁత ‘డివైడ్’ ఆజ్ఞ 7ను 2చే భాగించి శేషమును విడిచి 3 చెప్పును. క్రొత్తసాధనము సమీపసంఖ్యకు సవరించి 4 చెప్పును. చేతిలో మిగులుదానిఁ దీయుటకై 10000చే భాగించునపుడు ముందుగా 5000 కలిపి, ఫలమునుండి యొకటి తీసిననే సరియైన లబ్ధము వచ్చును. ఇంత శ్రమ యేల యనువారికి సిద్ధములైన ప్యాకేజీలు గలవు: 2007లో హైకో ఓబర్‌డీక్ రచించిన ‘బిగింట్‌కాల్క్’, 2013లో జాఁ ఫ్రాంస్వా బుర్నోల్ ప్రకటించిన ‘గ్జింట్’. రెండవది మిక్కిలి వేగవంతము. నా పట్టికకుఁ గడపట దానినే వాడితిని. ఐనను లోపలిప్రక్రియ యెఱుఁగక వాడుట సూత్రార్థము దెలియక రూపములు వల్లించుట వంటిది.

వేఱొక ప్రోగ్రాముచే లెక్కించి ఫలమును దెచ్చి యతికించిన సులభము గదా యని యొక మిత్రుఁ డాక్షేపించెను. లక్షలకొలఁది యంకెల సంఖ్యలకు నదియే యుచితము. కాని పట్టిక మాఱినపుడెల్ల నతికించిన యంకెను మఱల మార్చుటకు మఱచెదము. గ్రంథములోనే లెక్క యున్న, మూలము మార్చినంతనే ఫలమును మాఱును. మఱియు సంఖ్య వర్ణరూపమున నుండుటచేఁ దెలుఁగంకెలలో వేయుట యొక చిన్న యాదేశముతోఁ దీఱును; తిరుగవేసిన వరుసలో మొదట మూఁడు, పిమ్మట రెండేసి యంకెలకుఁ గామా పెట్టిన లక్షలు, కోట్లు మన పద్ధతిని విడివడును.

ఉత్పలమాల, మత్తేభములు పుట్టిన కృతిచ్ఛందమునకు విషమవృత్తములు 12,08,92,58,19,61,35,29,66,30,78,400 అని నా పట్టికలోఁ బడినది. దీనిని నమ్ముట యెట్లు? తొమ్మిదిచే శేషము చూచు ప్రాఁతపరీక్షకు నిలిచినది: రావలసినదియు 6, వచ్చినదియు 6. కాని సున్న జాఱుటను బట్టుకొనుట కీ పరీక్ష కొఱగాదు. పైని చెప్పిన తప్పుసంఖ్యయు దీనికి లొంగును. పదునొకండుతోఁ బరీక్షింపవలెను. రెంటి నలువదవ ఘాతమునకుఁ బదునొకండుచే శేష మొకటి. సున్న జాఱినదానికిఁ బది. ఎనుబదవ ఘాతమునకును శేష మొకటియే కావున నా రెంటి భేదమైన కృతిసంఖ్య పదునొకండుచే నిశ్శేషముగాఁ బోవలెను. విడిచి విడిచి యంకెలను గూడఁగా నొకవైపు 47, వేఱొకవైపు 58 వచ్చినవి, భేదము పదునొకండు.